గేజు మీద పెరిగిన ఆయిల్

ఆళ్లగడ్డ దాటి కాస్త దూరం పోయాక, జొన్నచొప్ప వేసుకుని పోతున్న ఒక ట్రాక్టరు నా కారును దాటిపోయింది. చొప్ప మీద కూర్చున్న పెద్దమ్మ వెనక్కి తిరిగి, పెళ్లి ఊరేగింపులో వెనకబడిపోయిన ముసలి చుట్టాన్ని చూసినట్టు, నన్ను జాలిగా చూసింది. నేను యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కే ఉన్నాను. ముల్లు మాత్రం ముప్పై దాటనంటోంది. పక్క సీట్లో దేవదానం సారు వాచీ చూసుకున్నాడు. ఎనిమిదింబావు. కడప ఆసుపత్రిలో ఆయన అక్క పదకొండు గంటల దాకా మాట్లాడగలదు. ఆ తర్వాత మాట్లాడడం కుదరదు.

ఇది నేను చేసిన ఒక తెలివితక్కువ పని కథ. నవ్వుకోదగ్గ చోట్లు చాలా ఉన్నాయి, నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. నేనూ అక్కడక్కడా నవ్వుకుంటాను. కానీ ఇది నష్టంతో ముగుస్తుందని ముందే చెప్పడం ధర్మం. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేసినవాణ్ణి, ముఖ్యమైన సంగతి మొదట్లోనే పెట్టాలని కుర్ర విలేకరులకు చెప్పి చెప్పి విసిగించినవాణ్ణి. ఇప్పుడు నా దాకా వచ్చేసరికి చివర్లో దాచుకుంటే బాగుండదు.

ఉద్యోగ విరమణ చేసి బేతంచెర్లలో సొంతింటికి చేరాక ఒక చిన్న డీజిలు కారు కొన్నాను. కారుతో పాటు ఒక పుస్తకం ఇచ్చారు. దాన్ని ఆ రోజే తిరగేశాను, అచ్చుతప్పులు ఎన్ని ఉన్నాయో చూద్దామని. ఏడు దొరికాయి. తృప్తిగా మూసేసి సొరుగులో పెట్టాను. అందులో ఒక పేజీలో ఇంజను ఆయిల్ గురించి రెండు పంక్తులున్నాయి. మొదటి పంక్తిలో 5డబ్ల్యూ-30 అని ఒక అంకె. రెండో పంక్తిలో సి అని ఒక అక్షరం, పక్కన మూడు. రెండింటిలోనూ అచ్చుతప్పు లేదు కాబట్టి నా కళ్లు వాటి మీద ఆగలేదు.

ఉచిత సర్వీసులు అయిపోయాక కర్నూలు దాకా పోవడానికి బద్ధకం వేసింది. ఆయిల్ మార్చడం ఎంత పని, ఇక్కడే మార్పిద్దామని, సర్వీసు సెంటర్ వాళ్లు చెప్పిన ఆయిల్ డబ్బా ఒకటి తెప్పించుకుని బాషా భాయ్ షెడ్డుకు పోయాను. బాషా భాయికి మూడు పాత లారీలున్నాయి. నాపరాతి బండలు వేసుకుని నాలుగు జిల్లాలు తిరుగుతాయి. ఆ లారీలు ఆయన చేతిలో ఇరవై ఏళ్లుగా ఆగకుండా నడుస్తున్నాయి. కనుక మా ఊళ్లో ఇంజన్ల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

బేతంచెర్లలో ఆయిల్‌ను ఎవరూ చదవరండీ. తాకి చూస్తారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క పెట్టి, ఎండకు ఎదురుగా చెయ్యెత్తి, వేళ్లు మెల్లగా విడదీస్తారు. తీగ సాగాలి. అరిసెల పాకం చూసే ముత్తైదువ కూడా అంత శ్రద్ధగా చూడదు. బాషా భాయ్ నా డబ్బా మూత తీసి ఒక చుక్క వేలిమీద వేసుకున్నాడు. తీగ సాగలేదు సరికదా, ఆ చుక్క వేలి మీంచి జారి మణికట్టు దాటి మోచేతి దాకా పోయింది. షెడ్డులో ఉన్న డ్రైవర్లందరూ ఆ జారుడును కళ్లతో వెంబడించారు.

"ఇది ఆయిలా రిపోర్టరన్నా, మజ్జిగ మింద తేటా?" అన్నాడు బాషా భాయ్. "మన ఎండకు ఇది యాడ నిలబడతాది? చలి దేశపోల్లు చేసుకున్న ఆయిలు ఇది."

మూలనున్న డ్రమ్ములోంచి తన లారీల ఆయిల్ ఒక చుక్క తీసి చూపించాడు. ఆహా, ఏం తీగ! జానెడు సాగి, ఎండలో తేనెలా మెరిసి, తెగనా వద్దా అని ఆలోచించి తెగింది. షెడ్డులో పది మంది ఉన్నారు. పది మందీ తలలూపారు. రెండు వైపులా విచారించకుండా వార్త రాయకూడదని కుర్రవాళ్లకు నేర్పిన నేను, కారు తయారుచేసిన వాళ్ల వైపు వాదన ఏమిటో ఒక్కసారి కూడా వినలేదు. ఆ వాదన నా సొరుగులోనే ఉంది.

అభ్యంతరం చెప్పిన మనిషి ఒక్కడే, దేవదానం సారు. మా పక్కింటాయన. కోసిగి వైపు పల్లె నుంచి వచ్చి, మా ఊరి బళ్లో లెక్కలు చెప్పి, ఇక్కడే స్థిరపడ్డాడు. సాయంత్రం పూట నాతో నడకకు వస్తాడు. ఆ రోజు కూడా వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పుస్తకంలో ఏమి రాసినారో ఒగసారి చూడప్పా," అన్నాడు. "రాసినోనికి ఏదో కారణం ఉంటాది కదా."

"రాసేటోల్ల సంగతి నాకు చెప్తావా సారూ? ముప్పై ఏండ్లు రాసినోన్ని," అన్నాను నేను.

షెడ్డంతా నవ్వింది. దేవదానం సారు కూడా నవ్వాడు. లారీల డ్రమ్ములోని ఆయిల్ నా కారులోకి పోయింది. సర్వీసు సెంటర్ వాళ్ల డబ్బాను వృథా చేయడం ఎందుకని ఇంటికి తీసుకొచ్చి గేటు కీళ్లకు వేశాను. అది నిజంగా గొప్ప ఆయిల్ అని అక్కడ తెలిసింది. ఈనాటికీ మా గేటు కిర్రుమనదు.

తర్వాతి నెలల్లో జరిగింది వినండి. నేను కారును పాల కేంద్రానికీ, రైల్వే స్టేషను దగ్గరి కూరగాయల అంగడికీ తప్ప ఎక్కడికీ తిప్పేవాణ్ణి కాదు. రెండు కిలోమీటర్లు పోవడం, ఆపడం. ఒకరోజు బానెట్ ఎత్తి, ఆయిల్ గేజు లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దూర్చి తీసి చూశాను. కడ్డీ మీద రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెంటి మధ్య ఉండాలి. వాడేకొద్దీ కింది గీత వైపు దిగుతుంది. నా కారులో పై గీత దాటి ఉంది.

పెరిగిందన్నమాట! నేనొక చుక్క పోయలేదు, మరొకరు పోయలేదు. ఊరికే ఉన్న ఆయిల్ ఊరింది. పదిహేను రోజులాగి మళ్లీ చూశాను. ఇంకో అరంగుళం. తెలివైన మనిషి ఇక్కడ భయపడి ఉండేవాడు. నేను గర్వపడ్డాను. పాల కేంద్రం దగ్గర ఇద్దరికి చూపించాను. మునిమనవణ్ణి చూపించే తాతలాగా గేజును గుడ్డలో చుట్టి పట్టుకుని బాషా భాయ్ షెడ్డుకు పోయి అందరికీ చూపించాను.

బాషా భాయ్ చాలాసేపు చూశాడు. "ఆయిలు తాగే బండ్లను శానా చూసినా అన్నా," అన్నాడు చివరికి. "ఆయిలు కనే బండిని ఇదే చూసేది."

దాన్ని నేను పొగడ్త కింద తీసుకున్నాను. దేవదానం సారు మాత్రం ఇంటికి నడుస్తూ, బావిలో నీళ్లు ఊరితే సంతోషపడొచ్చు గాని ఇంజన్లో ఊరేది ఏమిటో కనుక్కోవాలి కదా అన్నాడు. లెక్కల అయివారికి కూడికలు నచ్చకపోతే ఎట్లా అని వెటకారం చేశాను.

ఇంకొన్నాళ్లకు స్టీరింగు ముందు ఒక పసుపు దీపం వెలిగింది. పొగగొట్టంలో సగ్గుబియ్యం పోసినట్టు ఒక బొమ్మ. బాషా భాయ్‌ను అడిగాను. తన లారీల్లో అట్లాంటి దీపాలే లేవనీ, లేవు కాబట్టే నిమ్మళంగా తిరుగుతున్నాయనీ ఆయన తేల్చేశాడు. నేను దీపం మీద చిన్న నల్ల టేపు ముక్క అతికించాను. సమస్య అంతటితో తీరింది, అంటే నాకు కనపడకుండా పోయింది.

ఇక దేవదానం సారు అక్క సంగతి చెప్పాలి. ఆమె పేరు మార్తమ్మ. కోసిగి వైపు వానలు మోసం చేసిన ఏడాది జనం పనులు వెతుక్కుంటూ మూటలు కట్టుకుని పోతారు. వీళ్ల అమ్మానాన్నలు ఏటా పోయేవాళ్లు. అప్పుడు ఆమెకు పదకొండేళ్లు, తమ్ముడికి నాలుగు. ఆమె బడి మాని, వాణ్ణి బడికి పంపింది. సంగటి కెలికి పెట్టింది. తర్వాత కడపలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరి, జీతంలోంచి తమ్ముడి చదువుకు పంపింది. ఇదంతా సారు నాకు నడకల్లో చెప్పినదే.

వాళ్ల అమ్మ ఒక మే నెలలో పల్లెలో చనిపోయింది. ఎండ నిప్పులు పోస్తోంది, శవం ఆగదు, కడప నుంచి బిడ్డ వచ్చేసరికి పొద్దు పోతుంది, ఇక ఆపొద్దని చర్చి సంఘం పెద్దలంతా చెప్పారు. దేవదానం సారు సరేనన్నాడు. మార్తమ్మ వచ్చేసరికి సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. ఆమె తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. మంచినీళ్లయినా ముట్టకుండా తిరుగు బస్సెక్కింది. ఆ తర్వాత పదకొండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. కూతురి పెళ్లికి పిలిపించింది, స్వయంగా వడ్డించింది, ఆయన విస్తట్లో రెండోసారి నెయ్యి కూడా వేసిందట. మాట మాత్రం లేదు.

ఒక సాయంత్రం ఆ కూతురు జ్యోతి ఫోన్ చేసింది. అమ్మకు ఊపిరితిత్తులు చెడిపోయాయి, ఆసుపత్రిలో ఉంది. పొద్దున గొంతులోకి గొట్టం వేస్తామంటున్నారు. వేస్తే మాట్లాడడానికి వీలుండదు, మళ్లీ తీస్తారో లేదో చెప్పలేమంటున్నారు. తమ్ముడికి ఒక మాట చెప్పాలి, వాడు వచ్చేదాకా ఆపండని అమ్మ మొండికేస్తే, పదకొండు దాకా చూస్తామన్నారట.

దేవదానం సారు నా దగ్గరికి కారు అడగడానికి రాలేదు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. విలేకరికి తెలిసి ఉంటుందని, పొద్దున నంద్యాలకు మొదటి బస్సు ఎన్నింటికని అడగడానికి వచ్చాడు, అంతే. ఆ బస్సెక్కి నంద్యాలలో మారితే పదిన్నరకు కడపలో ఉంటాడు. నేను బస్సు సమయం చెప్పి ఊరుకుని ఉండొచ్చు.

"బస్సెందుకు సారూ, నా కారు ఉండాది కదా," అన్నాను. "తొమ్మిదిన్నరకంతా మీ అక్క ముందర నిలబెడతా."

ఆయన వద్దన్నాడు. నేను బలవంతం చేశాను. పొద్దున ఆరుకు బయల్దేరాం. నంద్యాల దాకా కారు బాగానే పోయింది. ఆ తర్వాత కాస్త మొరాయించింది. ఆళ్లగడ్డ దాటాక చచ్చుబడింది. ట్రాక్టరు దాటిపోయింది అక్కడే.

కారు పక్కకు తీసి ఆపాను. బానెట్ ఎత్తాను. ఇంజన్ల గురించి ఏమీ తెలియనివాళ్లు అందరూ చేసే పని అదే. ఇంజను వంక కోపంగా చూసి, బానెట్ దించి, తాళం తిప్పాను. ఏమాశ్చర్యం, కారు మళ్లీ మామూలుగా కదిలింది! ఆపి మొదలుపెడితే కాసేపు బాగుంటుందని నాకప్పుడు తెలియదు. నేనే బాగుచేశాననుకున్నాను. ఐదారు కిలోమీటర్లకు మళ్లీ చచ్చుబడింది. మళ్లీ ఆపాం. దేవదానం సారు దిగి రోడ్డంచున నిలబడ్డాడు. కడప బోర్డు పెట్టుకుని ఎక్స్‌ప్రెస్ బస్సొకటి వస్తోంది. చెయ్యెత్తాడు. బస్సు నెమ్మదించింది.

సరిగ్గా అప్పుడే నా ఇంజను పలికింది.

"బాగైంది సారూ, దా, ఎక్కు," అని పిలిచాను.

"బస్సుకు పోతాలేప్పా. నువ్వు నిదానంగా రా."

"నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

ఆయన బస్సు వంక చూశాడు, నా వంక చూశాడు. మెల్లగా చెయ్యి దించాడు. మెతక మనిషి. స్నేహితుణ్ణి చిన్నబుచ్చడం ఆయనకు చేతకాదు. బస్సు పోయింది. ఇంజను ఆయిల్ ఏది పోయాలో తెలియకపోవడం నా మొదటి తప్పు మాత్రమే. అసలు తప్పు ఇదీ.

అక్కడి నుంచి మా ప్రయాణం గొంగళిపురుగు పాకినట్టు సాగింది. కాసేపు పోవడం, ఆపడం, తిట్టడం, తాళం తిప్పడం. చాగలమర్రిలో గొర్రెల మంద మమ్మల్ని దాటలేదు గాని, కాపరి ఆ ఉద్దేశంతో ఉన్నట్టే కనిపించాడు. దువ్వూరు దాటాక జ్యోతి నుంచి ఫోన్ వచ్చింది. తల్లి చెవి దగ్గర ఫోన్ పెట్టింది. సారు స్పీకర్‌లో పెట్టాడు. బొంగురు ఊపిరి వినిపించింది.

"యాడుండావురా చిన్నోడా?"

పదకొండేళ్లకు. దేవదానం సారు ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. మైదుకూరు దగ్గరికి వచ్చామని నేనే చెప్పాను. ఆయన ఫోన్ వైపు వంగి, "ఫోన్లోనే చెప్పుక్కా," అన్నాడు.

"మొగం చూసి చెప్పల్ల. రా."

ఫోన్ ఆగిపోయింది. మరో రెండు కిలోమీటర్లకు కారు కూడా ఆగిపోయింది. ఈసారి తాళం ఎంత తిప్పినా పలకలేదు. పదిన్నర.

ఆ చోట బస్సులు ఆగవు. రెండు పోయాయి, ఆగలేదు. చివరికి ఆగింది ఏమిటనుకుంటున్నారు? నాపరాతి బండలు మోస్తున్న ఒక ముసలి లారీ. తుప్పుపట్టిన రేకులు, పగిలిన అద్దం. క్యాబిన్లో నా కాళ్ల దగ్గర ఆయిల్ డబ్బా ఒకటి దొర్లుతోంది. బాషా భాయ్ డ్రమ్ము మీద ఉన్న అంకే దాని మీదా ఉంది. నా కారును చంపిన ఆయిలే మమ్మల్ని కడపకు మోసుకుపోయింది. అన్ని బండలు మోస్తూ ఆ లారీ ఒక్కసారి కూడా దగ్గలేదు. డ్రైవరు ఉన్నంతలో వేగంగానే నడిపాడు. దేవదానం సారు దారంతా వాచీ చూడలేదు. చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

మేం ఆసుపత్రి మెట్లెక్కేసరికి పన్నెండుంబావు. పదకొండూ నలభైకి గొట్టం వేశారు. పదకొండుకు ఒకసారి, పదకొండుంబావుకు ఒకసారి, ఇంకొంచెం ఆగండయ్యా, నా తమ్ముడు మైదుకూరులో ఉండాడు అని ఆమే డాక్టర్లను ఆపిందని నర్సు చెప్పింది. ఆ తర్వాత ఊపిరి అందలేదు.

జ్యోతి తలుపు తీసి పట్టుకుంది. "లోపలికి పో మామా," అంది. మార్తమ్మ మత్తులో ఉంది. సారు ఆమె చెయ్యి పట్టుకుంటే రెండు వేళ్లు కదిలాయి. కదిలాయని ఆయన అంటాడు. మూడు రోజులు ఆ మంచం పక్కనే ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె పోయింది. ఈసారి మాత్రం సమాధి దగ్గర, రావాల్సిన ఆఖరి చుట్టం వచ్చేదాకా ఆయన మట్టి వేయనివ్వలేదు.

కారును కడపలో ఒక సర్వీసు సెంటరుకు లాగించాం. అక్కడి పర్యవేక్షకురాలు ఓపికగా చెప్పింది. ఈ కారు పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఒకటి ఉందట. లారీ ఆయిల్ కొద్దికొద్దిగా కాలి, దానిలో బూడిద నింపుతుంది. బూడిద తక్కువ చేసే ఆయిల్‌కు గుర్తే ఆ సి3. మసి పేరుకున్నప్పుడల్లా కారు కాస్త ఎక్కువ డీజిలు పంపి దాన్ని కాల్చుకోవాలని చూస్తుంది. రెండు కిలోమీటర్లకే ఆపేస్తుంటే కాలదు, ఆ డీజిలు కారి ఇంజను ఆయిల్లో కలుస్తుంది. చివరికి జల్లెడ మూసుకుపోయి, పొగ పోయే దారి లేక ఇంజను చచ్చుబడుతుంది. చిక్కదనం ఎండకు సంబంధించిందనే తప్ప, ఆ అక్షరం పొగకు సంబంధించిందని మా షెడ్డులో ఎవరికీ తెలియదు.

"ఆయిల్ లెవల్ పెరిగి ఉంటుంది కదా సార్. గేజు చూడలేదా?" అని అడిగింది.

"చూశానమ్మా," అన్నాను. "ఊరందరికీ చూపించాను."

దేవదానం సారు నన్ను ఇంతవరకూ నిందించలేదు. మొదటి నెల నేను నడకకు పోలేదు, మొహం చెల్లక. ఆయనే వచ్చి గేటు తీశాడు. చప్పుడు కాని గేటు కాబట్టి ఆయన ఎదురుగా నిలబడేదాకా నాకు తెలియలేదు. తప్పయిపోయిందని ఏదో అనబోయాను.

"ఆ పొద్దు అమ్మను పూడ్సేటప్పుడు నాకు గూడా పది మంది చెప్పినారప్పా, ఇంగ ఆగొద్దని," అన్నాడు. "పది మంది చెప్తే నిజమే అనుకుంటాం. చెప్పులు ఏసుకో, పోదాం."

అందుచేత, పాఠకుల సమక్షంలో, ఉన్న కొద్దిపాటి పరువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను పుస్తకంలో రాసిన అంకెనూ, దాని కింది అక్షరాన్నీ రెండింటినీ గట్టిగా చదివి వినిపించకుండా ఏ ఇంజన్లోనూ ఒక చుక్క ఆయిల్ పోయను. వెలిగిన దీపం మీద టేపు అతికించను. పెరగకూడనిది పెరిగితే పాల కేంద్రం దగ్గర ప్రదర్శించను. బస్సు టైము అడగడానికి వచ్చినవాడికి బస్సు టైమే చెబుతాను, కారు సంగతి ఎత్తను.

మార్తమ్మ చెప్పాలనుకున్న మాట ఏమిటో మేం అడగని మనిషి లేడు. జ్యోతిని అడిగాం, నర్సును అడిగాం, పక్క మంచం ఆవిణ్ణి కూడా అడిగాం. ముందు రోజు రాత్రి జ్యోతి కూడా తల్లిని అడిగిందట, వాడొస్తే వాడికే చెబుతానందట. తమ్ముణ్ణి క్షమించానని చెప్పబోయిందో, ఎప్పటికీ క్షమించనని చెప్పబోయిందో, ఆ రెండూ కాని మరే సంగతి చెప్పబోయిందో, ఇంతవరకూ ఎవరికీ తెలియదు.